పార్కిన్సన్స్ ఉన్న మా నాయనకు పాత సంగతులన్నీ గుర్తున్నాయి, ఇప్పుడు చెప్పిన మూడు మాటలు నిలవడంలేదు

ప్రశ్న (కడప నుంచి)

మా నాయనకు 68 ఏళ్లు. ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. ఎక్కువ కాలం కడప–పులివెందుల బండిలోనే చేశాడు. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా పెండ్లిమర్రిలో ఎక్కినవాళ్లకు ఎంత చిల్లర ఇవ్వాలి, వేంపల్లెలో ఎందరు దిగాలి, అన్నీ తలలోనే పెట్టుకుని టికెట్లు కొట్టేవాడు. పెద్ద నోటు ఇచ్చినవాళ్లకు మాత్రం టికెట్ వెనకాల బాకీ రాసిచ్చేవాడు. నాలుగేళ్ల కిందట కుడిచేయి వణుకుతో పార్కిన్సన్స్ బయటపడింది. మందులతో వణుకు చాలావరకు తగ్గింది.

ఇప్పుడు నా బాధ వేరే. మొన్న అమ్మ "అరకిలో ఉర్లగడ్డలు, పావుకిలో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర" అని చెప్పి పంపింది. దారిలో ఎవరో పలకరించారంట, ఒట్టి సంచితో తిరిగొచ్చాడు. అమ్మ గట్టిగా అరిచింది. ఆయన గడప దగ్గరే నిలబడి సంచిని మడతల మీద మడతలు పెడుతూ ఉండిపోయాడు. నేను "కొత్తిమీర..." అని అందించగానే మిగతా రెండూ తనే చెప్పాడు.

డాక్టరు 100 లోంచి 7 తీసేస్తూ పొమ్మన్నారు. 93, 86 అని ఆగిపోయి, "ఎంత తీయమన్నారు సార్?" అని అడిగాడు. లెక్క మర్చిపోలేదు, ఆ ఏడునే మర్చిపోయాడు. ఇంటికొచ్చి కాగితం మీద 7 అని పెద్దగా రాసి ముందు పెట్టాను. 65 దాకా గడగడా చెప్పాడు. ఇది మతిమరుపు జబ్బేనా? ఇంట్లో ఎట్లా మసలుకోవాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడంలేదు నాకు.

జవాబు 1 (అనంతపురం నుంచి)

అమ్మా, మా ఆయనకు తొమ్మిదేళ్లుగా ఇదే జబ్బు. ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. ఆయన కావాలని చేయడంలేదు, అరిస్తే ఉన్న మాట కూడా జారిపోతుంది.

మా ఇంట్లో అలారం మోగేది. ఆయన దాన్ని ఆపి మాత్ర కోసం లేచి నాలుగడుగులు వేసేసరికి, ఎందుకు లేచాడో మర్చిపోయేవాడు. ఇప్పుడు ఫోను, మాత్ర, నీళ్ల గ్లాసు ఒకే పళ్లెంలో పెడతాను. అలారం ఆపిన చేతికే మాత్ర అందుతుంది. ఇంకా ఒకటి, నడిచేటప్పుడు మాట్లాడించవద్దు. రోడ్డు దాటేటప్పుడు అసలే వద్దు. ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా ఆగు. ఆలస్యంగానైనా చెప్తారు.

జవాబు 2 (కర్నూలు, ఫిజియోథెరపిస్టును)

మీరు చూసింది సరిగ్గా చూశారు. పాత జ్ఞాపకాలు దాచుకోవడం వేరు, ఒక పని చేస్తూ ఇంకో విషయాన్ని కాసేపు మనసులో పట్టుకోవడం వేరు. రెండోదాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. పార్కిన్సన్స్‌లో మెదడు అడుగు భాగంలో డోపమైన్ అనే, మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. కదలికలకే కాదు, మెదడు ముందు భాగం చేసే ఈ పనికి కూడా డోపమైన్ కావాలి. చిన్న ఆసరా ఇస్తే గుర్తుకు రావడం ఈ జబ్బులో చాలామందిలో చూస్తాం. దీనంతటినీ డిమెన్షియా, అంటే మీరడిగిన మతిమరుపు జబ్బు అనుకోకండి. అయితే కొందరిలో కాలం గడిచేకొద్దీ అదీ రావచ్చు కాబట్టి, అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

మందుల చీటీలో ట్రైహెక్సీఫెనిడిల్ ఉందేమో చూడండి. వణుకుకు ఇస్తారు కానీ పెద్ద వయసువాళ్లలో జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది. మీ అంతట మీరు ఆపొద్దు, న్యూరాలజిస్టును అడగండి. బి12, థైరాయిడ్, నిద్ర, దిగులు, ఇవి కూడా చూపించుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, అప్పుడు వెంటనే తీసుకెళ్లండి.

అడిగినవారు మళ్లీ

అక్కకూ, సారుకూ చాలా థ్యాంక్స్. నిన్న చీటీ రాసిస్తానంటే నాయన ముఖం చిన్నబోయింది. "నేనేమన్నా చిన్నపిల్లోడినా?" అన్నాడు. "టికెట్ వెనకాల రాసేవాడివి కదా నాయనా, అదీ ఇదీ ఒకటే" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే పెన్ను అడిగాడు. అక్షరాలు పోనుపోను చీమల్లా చిన్నవైపోయాయి. అందుకని వెడల్పు గీతలు గీసిచ్చాను, గీతకు ఒక వస్తువు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు, మూడూ తెచ్చాడు. అమ్మ కూడా ఇప్పుడు ఒక్కసారికి ఒక్క మాటే చెప్తోంది.

మాత్రల చీటీ చూశాను సార్, మీరు చెప్పిన మందు ఉంది. సోమవారం డాక్టరు దగ్గరికి పోతున్నాం. ఏమడగాలో నాయనతోనే రాయించాను.