బొగోటా వెళ్లినవాళ్లు చవక నాటు భోజనం కోసం దగ్గర్లోని కహికా ఊరి దాకా పోవాలా, వద్దా?

దారితప్పిన_బాటసారి
పోయిన జనవరిలో మా పిన్ని కొడుకు దగ్గరికి కొలంబియా వెళ్లాను, వాడు బొగోటాలో ఉద్యోగం. వాడి ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: కహికా ఇప్పుడేం ఊరు, అన్నీ అపార్ట్‌మెంట్లూ గేటెడ్ కమ్యూనిటీలే, నాటు తిండి చవగ్గా కావాలంటే ఇంకా పైకి, పక్క రాష్ట్రం బోయాకా వైపు పొండి అని. నేను వినకుండా, చిన్న ఊరే కదా అని రెండుసార్లు వెళ్లొచ్చా, ఒకసారి ఆదివారం, ఒకసారి బుధవారం. ఆదివారం శుద్ధ దండగ. బుధవారం మధ్యాహ్నం తిన్న భోజనం మాత్రం ఆ ట్రిప్పు మొత్తంలో నంబర్ వన్. పదహారు వేల పెసోలు, అంటే అప్పటి రేటుకి మన డబ్బుల్లో మూడొందల యాభై లోపే.

తెలియనివాళ్ల కోసం: కహికా బొగోటాకి ఉత్తరాన నలభై కిలోమీటర్ల లోపు, చీయా అనే ఊరు దాటాక వస్తుంది, సిపకిరా ఉప్పు గనిలో చర్చి చూడ్డానికి పోయే దారే. బొగోటాలో పోర్తాల్ నోర్తే బస్టాండు నుంచి బస్సులు వస్తూనే ఉంటాయి. సముద్ర మట్టానికి రెండున్నర వేల మీటర్ల పైన కాబట్టి ఏడాదంతా పొద్దున్నే స్వెటర్ తప్పదు, అందుకే అక్కడ భోజనమంటే ముందు వేడివేడి సూపు.

ఒప్పుకోనివాళ్లు చెప్పండి, నాకు ఖాళీయే.

చీరాల_చిన్నోడు
అన్నా, చిన్న ఊరు అంటావేంటి? 2018 లెక్కల్లోనే అక్కడ జనాభా 80 వేలు దాటింది, 2005లో 45 వేలు అటూ ఇటూ. అంటే ఇప్పుడు మా చీరాల అంత ఊరు. పైగా మాకు చీరలు, వాళ్లకి ఉన్ని తివాచీలు. పదమూడేళ్లలో దాదాపు రెట్టింపైన ఊళ్లో పాత రేటుకి భోజనం ఎవడు పెడతాడు, నువ్వు ఏదో ఒక్క హోటల్ చూసి మొత్తం ఊరికి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నావు.

బొగోటా_అక్క
నేను అక్కడ నాలుగేళ్లు ఉన్నాను, కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. తమ్ముడూ, నువ్వు తిన్నది కొరియెంతాసో, అంటే మధ్యాహ్నం పూట దొరికే మామూలు సెట్ భోజనం. మన 'భోజనం తయార్' బోర్డు లాంటిది. అది బొగోటాలో ప్రతి వీధిలోనూ ఉంటుంది, దానికోసం బస్సెక్కి గంటన్నర పోవడం దేనికి? ఆ సబానా (బొగోటా చుట్టూ ఉన్న ఎత్తు మైదానం) ఊళ్ల అసలు తిండి అంటే ఆదివారం పికెతే. పెద్ద పళ్లెంలో పంది చర్మం వేయించింది, మోర్సియా అని రక్తం, బియ్యం కూరిన సాసేజ్, కోడి, పసుపుపచ్చ చిట్టి బంగాళాదుంపలు, మొక్కజొన్న కండె, అందరూ చుట్టూ కూర్చుని చేత్తో తినడం. అదేమీ చవక కాదు, ఎప్పుడూ కాదు. చవక కావాలో, నాటుది కావాలో ముందు తేల్చుకోండి.

ఇంకోటి, ఆదివారం సాయంత్రం తిరుగు దారిలో ట్రాఫిక్ చూశావుగా. సంక్రాంతి తర్వాత విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చినట్టే.

దారితప్పిన_బాటసారి
అక్కా, ట్రాఫిక్ సంగతి ఒప్పుకుంటా, రెండున్నర గంటలు పట్టింది. కానీ కొరియెంతాసో నాటుది కాదంటే ఒప్పుకోను. ఆ బుధవారం సంగతి చెప్తాను వినండి.

పెద్ద వీధి వదిలి రెండు సందులు లోపలికి వెళ్తే ఓ ఇంటి ముందు గది, ఆరు టేబుళ్లు, గుమ్మం పక్కన చిన్న నల్లబోర్డు మీద సుద్దతో ఆ రోజు వంట. ఒకావిడ వచ్చి 'సుమెర్సే, ప్రిన్సిపియో ఏం పెట్టమంటారు, చిక్కుడుగింజలా, లెంటిల్సా' అంది. సుమెర్సే అంటే అక్కడ మర్యాదగా 'మీరు' అనడం. ప్రిన్సిపియో అంటే అన్నం పక్కన పెట్టేది, మన 'ఇవాళ పప్పేంటి' అన్నట్టు. ముందు కుచుకో వచ్చింది, నూక పట్టిన గోధుమలు, పంది వెన్నెముక ముక్కలు, బంగాళాదుంప వేసి కాచిన చిక్కటి సూపు, అచ్చం మా అమ్మమ్మ గోధుమరవ్వ జావకి మాంసం తగిలించినట్టుంది. తర్వాత అన్నం, చిక్కుళ్లు, వేయించిన అరటిపండు, ఓ మాంసం ముక్క, లూలో పండు రసం. నా పక్క టేబుల్ మీద నలుగురు హెల్మెట్లు పెట్టి కూర్చున్నారు, బూట్లకి తడి సిమెంటు. వాళ్లలో ఒకడు గిన్నె చాపితే ఆవిడ ఇంకో గరిటె పోసింది, దాన్ని 'న్యాపా' అంటారట. మన కొసరు! ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కుచుకో ఆ చలి కొండలది కాకపోతే ఎక్కడిదక్కా?

పచ్చడి_ప్రసాద్
అందరూ మాంసం గురించే మాట్లాడుతున్నారు, మా శాకాహారుల గతేంటి? నేను డాలస్ నుంచి వెళ్లా, 'కార్నే వద్దు' అంటే కోడి తెచ్చి పెట్టారు. కోడి వాళ్ల లెక్కలో మాంసం కాదు!

బొగోటా_అక్క
ప్రసాద్ గారూ, కార్నే అంటే అక్కడ వాడుకలో ఎక్కువగా గొడ్డుమాంసం. కోడి, హామ్, చేప అన్నీ విడివిడిగా వద్దనాలి, సూపు ఎముకల నీళ్లతో కాచిందేమో అది కూడా అడగాలి. లేదంటే పొద్దున టిఫిన్‌కి వెళ్లండి: వేడి చాక్లెట్‌లో జున్ను ముక్కలు వేసుకుని తాగుతారు, మొదట ఇదేంటి అనిపిస్తుంది, సాగే జున్నుని చెంచాతో తీసి తిన్నాక మాత్రం వదలరు. పక్కన అల్మోహాబానా, అది మొక్కజొన్న పిండి, జున్ను కలిపి కాల్చిన బన్ను. గుడ్లు తింటే చాంగ్వా ఉంది, పాలు, నీళ్లు, ఉల్లికాడలు కాచి అందులో గుడ్డు కొట్టి వేస్తారు. నాకు నాలుగేళ్లలోనూ అది ఎక్కలేదు, అది వేరే సంగతి. కారం మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆహీ అని టేబుల్ మీద పెట్టే పచ్చడి చూడ్డానికే.

అహియాకో సూపు గురించి ఎవరూ ఎత్తలేదేం? మూడు రకాల బంగాళాదుంపలు వేస్తారు, ఒకటి కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది, ఒకటి ముక్కగా నిలుస్తుంది, ఇంకోటి ఆ రెండిటి మధ్య. కోడి, మొక్కజొన్న, పైన మీగడ, కేపర్లు. అసలు వాసన గ్వాస్కాస్ ఆకుది. మన ఊటీ లాంటి కొండల్లో కలుపు అని పీకి పారేసే మొక్కే అది, అక్కడ కట్టలు కట్టి అమ్ముతారు.

నిప్పుకోడి
మీకు తిండి గోల, నాదొక సూటి ప్రశ్న. చవగ్గా ఉందని మనలాంటివాళ్లు ఎగబడితేనే కదా రేట్లు పెరిగి ఆ ఊరివాళ్లు తినలేకపోయేది? డాలర్లు జేబులో పెట్టుకుని 'మూడొందల యాభైకే' అని మురిసిపోవడం నాకు నచ్చలేదు.

చీరాల_చిన్నోడు
+1. మా సూర్యలంక బీచ్ దగ్గర వీకెండ్ వస్తే చేపల వేపుడు రేటు చూడండి.

దారితప్పిన_బాటసారి
నిప్పుకోడి గారూ, ప్రశ్న మంచిదే, కానీ దోషి మారాడు. ఆ ఊళ్లో రేట్లు పెంచింది ఎవరూ? బొగోటాలో అద్దెలు, రద్దీ పడలేక ఇళ్లు కొనుక్కుని వచ్చినవాళ్లు, వాళ్ల కోసం కట్టే బిల్డర్లు. కడుతున్నది కాలనీలు, హోటళ్లు కాదు. ఆదివారం రైలెక్కి, బ్యాండు వాయించుకుంటూ సిపకిరా వెళ్లొచ్చేవాళ్లు కహికాలో భోజనానికి దిగుతారు, వాళ్ల రేటు వేరు, నాకు ఆ రోజు అహియాకో ఒక్కటే ముప్పై ఎనిమిది వేలు అయింది, పైగా చల్లారిపోయింది.

కానీ బుధవారం పదహారు వేలకి ఎందుకొచ్చింది? ఆ హెల్మెట్లవాళ్ల వల్ల. మేస్త్రీలు, చుట్టుపక్కల పూల తోటల్లో పనిచేసేవాళ్లు, ఊరి బయట ఉన్న మిలిటరీ యూనివర్సిటీ క్యాంపస్ పిల్లలు, వీళ్లే రోజూ తినేది. రేటు రెండు వేలు పెంచితే రేపు పక్క సందులోకి పోతారు. అంటే ఊరు పెరగడం వల్లే ఆ భోజనం చవగ్గా నిలబడింది. కోకాపేటలో టవర్లు లేస్తున్నన్నాళ్లూ పక్కనే బండి మీద భోజనం దొరికినట్టు. నేను ఒక్కడిని ఓ కుర్చీలో కూర్చుంటే ఆవిడ రేటు మారదు.

బొగోటా_అక్క
ఈ మాట మీద నాకు కొంచెం మెత్తబడాలనిపిస్తోంది. కానీ నీ లెక్కలోనే చిక్కుంది చూడు, టవర్లు పూర్తయ్యాక మేస్త్రీలు పోతారు, ఆ సందులో అద్దె మాత్రం పెరిగే ఉంటుంది. నేను వెళ్లే ఒక చోటు ఉండేది, గుమ్మంలో పెద్ద పొయ్యి, ఆవిడ పేరు నాకు తెలీదు, అందరూ 'వెసీ' అనేవాళ్లు, పక్కింటావిడ అన్నట్టు. వచ్చేసే ముందు చివరిసారి వెళ్తే అక్కడ ఫ్లాట్ల సేల్స్ ఆఫీసు, అద్దాల తలుపు, లోపల టవర్ బొమ్మ, చుట్టూ ప్లాస్టిక్ చెట్లు. పొయ్యి ఉన్న చోట సోఫా వేశారు.

నిప్పుకోడి
అదే నేనూ అంటున్నది.

దారితప్పిన_బాటసారి
కాదండీ, ఆ సోఫా మీద కూర్చున్నది మీరూ నేనూ కాదు కదా.

పచ్చడి_ప్రసాద్
మీరు తేల్చుకునేలోపు నేను మార్చిలో మళ్లీ వెళ్తున్నా, ఈసారి కోడి, హామ్, చేప అన్నీ వద్దు అని రాసిన చీటీ పట్టుకుని. మంగళవారం అనుకుంటున్నా. ఎన్నింటికి వెళ్లాలి?

దారితప్పిన_బాటసారి
పన్నెండున్నర లోపు వెళ్లిపోండి. ఒంటిగంట దాటితే సూపు అడుక్కి వచ్చేస్తుంది, న్యాపా అడిగే ధైర్యం ఉండదు. చిల్లర నోట్లు పెట్టుకోండి, అక్కడ కార్డు గీకే మిషన్ కనబడలేదు.