ట్యాంకు 45 లీటర్లు, పట్టేది 33: హైబ్రిడ్ కారులో పెట్రోలు పూర్తిగా నిండటం లేదు

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. పోయిన ఏడాది స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) కొన్నాం. కారుతో ఇచ్చిన పుస్తకంలో ట్యాంకు 45 లీటర్లని ఉంది. పెట్రోలు దీపం వెలిగి, ఇంకా 30 కిలోమీటర్లే వెళ్ళగలమని తెర మీద చూపించాక బంకుకు వెళ్తాను. 33 లీటర్లకే నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. ఒకసారి 31కే ఆగింది. ఫుల్ గుర్తుకు ఇంకా ఒక గీత తక్కువగానే చూపిస్తుంది. మా పాత పెట్రోలు కారుకు ఈ బాధ ఎప్పుడూ లేదు.

బంకులో మోసమా? ట్యాంకులో లోపమా? కారు ఆగిపోయేదాకా నడిపి, ఖాళీ ట్యాంకులో ఎంత పడుతుందో కొలుద్దామని మావారు అంటున్నారు. వచ్చే నెల అమ్మానాన్నలను తిరుపతి తీసుకువెళ్ళాలి. ఆలోగా తేల్చుకోవాలని అడుగుతున్నాను.

జవాబు (గుంటూరు నుంచి)

నాజిల్ ఆగాక కారును కాస్త అటూ ఇటూ ఊపించండి. మళ్ళీ కొద్దికొద్దిగా మూతి దాకా పోయించండి. నాకు ప్రతిసారీ మూడు నాలుగు లీటర్లు అదనంగా పడుతుంది.

జవాబు (విజయవాడ నుంచి)

అమ్మా, పై సలహా పాటించవద్దు. ఇరవై రెండేళ్ళు వర్క్‌షాపులో పనిచేసినవాడిగా చెబుతున్నాను. ట్యాంకు పైభాగంలో కొంత చోటు కావాలనే ఖాళీగా వదులుతారు. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. భూగర్భ ట్యాంకు నుంచి వచ్చిన 45 లీటర్ల పెట్రోలు ఎండలో మరో 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా పెరుగుతుంది. ఆ పెరిగినదానికి చోటు ఉండాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ట్యాంకులోని ఆవిరి గాలిలో కలవకుండా పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. క్యానిస్టర్ అంటాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ ఆవిరిని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజన్ మాటిమాటికీ ఆగుతుంది కాబట్టి ఆ డబ్బా ఖాళీ అయ్యే అవకాశం మామూలు కారులో కన్నా తక్కువ. మూతి దాకా పోస్తే ద్రవ పెట్రోలే అందులోకి పోయి బొగ్గును తడిపేస్తుంది. ఆ తర్వాత పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఇంజన్ సరిగా అందుకోకపోవడం, వాసన, ఇంజన్ దీపం, చివరికి ఇప్పుడు మీరు చెబుతున్న సమస్యే, అంటే నాజిల్ ముందుగా ఆగిపోవడం. మూడు లీటర్ల కోసం ఆ డబ్బా మార్పించుకున్నవాళ్ళను చూశాను.

ఇక మీ లెక్క. దీపం వెలిగినప్పుడు ట్యాంకు ఖాళీగా ఉండదు. ఈ పరిమాణం కార్లలో ఐదారు లీటర్లు మిగిలి ఉండటం మామూలే. 45లో ఆరు తీసేస్తే 39. మీకు 33 పడుతోంది. కాబట్టి తేడా ఉన్నమాట నిజమే, మీ అనుమానం ఉత్తది కాదు. అయితే 12 లీటర్లు పోయాయని దిగులు పడకండి, వెతకవలసింది ఆరు లీటర్ల సంగతి.

నాజిల్ ఎందుకు ఆగుతుందో తెలిస్తే సగం తేలిపోతుంది. దాని కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ దాని గుండా గాలి లోపలికి లాగబడుతుంది. రంధ్రాన్ని పెట్రోలు గానీ నురుగు గానీ మూసేసిందంటే మీట విడిపోతుంది. ట్యాంకు నిండిందా లేదా అన్నది నాజిల్‌కు తెలియదు, రంధ్రం మూసుకుందా లేదా అన్నదే తెలుసు. వేగంగా పోస్తే గొట్టం వంపులో పెట్రోలు వెనక్కి చిమ్మి రంధ్రాన్ని మూసేయవచ్చు. ట్యాంకులోని గాలి బయటికి పోయే దారి దుమ్ముతోనో మట్టితోనో పూడుకుపోయినా అంతే.

అందుకని ఈసారి వేరే బంకుకు వెళ్ళండి, కారు సమతలంగా నిలపండి, మీటను సగం మాత్రమే నొక్కి నెమ్మదిగా పోయమనండి. నాజిల్‌ను పూర్తిగా లోపలికి దూర్చకుండా ఒక అంగుళం వెనక్కి పట్టమనండి. మొదటిసారి ఆగిన చోటే ఆపించండి. బిల్లు, కిలోమీటర్లు, తెర ఫొటో భద్రపరచండి.

మీవారితో ఒక్క మాట చెప్పండి: పెట్రోలు అయిపోయేదాకా హైబ్రిడ్‌ను నడపకూడదు. ఇంజన్ ఆగినా పెద్ద బ్యాటరీ మీద కారు కొంత దూరం పాకుతుంది. ఆ బ్యాటరీ కూడా అడుగంటితే, తర్వాత పెట్రోలు పోసినా కారు లేవకపోవచ్చు, ఎందుకంటే చాలా హైబ్రిడ్‌లలో ఇంజన్‌ను తిప్పేది అదే. ట్యాంకులోని పంపు కూడా పెట్రోలు వల్లే చల్లబడుతుంది. కొలత కోసం ఇంత ప్రమాదం వద్దు.

జవాబు (అమెరికా, డాలస్ నుంచి)

అక్కా, ట్యాంకు వల్లే ఇలా జరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక్కడ 2004 నుంచి 2009 దాకా వచ్చిన టయోటా హైబ్రిడ్ కారు రెండో తరం ప్రియస్‌లో ఆవిరిని తగ్గించడానికి ట్యాంకు లోపల రబ్బరు సంచి పెట్టారు. చలికాలంలో సంచి బిగుసుకుపోయి పూర్తిగా విచ్చుకోదు. దాంతో 11.9 గ్యాలన్ల (సుమారు 45 లీటర్ల) ట్యాంకులో తక్కువ పెట్రోలు పడుతుంది. తర్వాతి తరంలో సంచి తీసేశారు. 2019లో వచ్చిన టయోటా కొత్త రావ్4 హైబ్రిడ్‌లోనూ 14.5 గ్యాలన్లు (సుమారు 55 లీటర్లు) పట్టవలసిన ట్యాంకు నిండటం లేదని చాలామంది చెప్పారు. కంపెనీ ఒప్పుకుని, ట్యాంకును, మట్టాన్ని కొలిచే భాగాన్ని మార్చి ఇచ్చింది. మీ కారు వేరే కావచ్చు, వాతావరణం వేరు. కానీ సర్వీసు సెంటరు వాళ్ళు ఇలాంటిది ఉండనే ఉండదంటే మాత్రం నమ్మకండి.

ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్ అయితే మరో సంగతి. వాటిలో చాలావాటికి ట్యాంకు మూసిన డబ్బాలా ఒత్తిడితో ఉంటుంది. లోపలి బటన్ నొక్కి, ఒత్తిడి తగ్గేదాకా ఆగి, ఆ తర్వాతే మూత తీయాలి.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

మాది ప్లగ్ లేనిదే. నిన్న వేరే బంకుకు వెళ్ళాను. ముందుగా కొలత చూపమని అడిగితే ఐదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించారు, సరిగ్గా గీత దగ్గరే ఆగింది. అడిగితే చూపించాలని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తర్వాత ఆ అబ్బాయితో మీరు చెప్పినట్టే నెమ్మదిగా పోయమన్నాను. వెనక బండ్లు ఆగాయి, అయినా ఓపిగ్గా పోశాడు. తెర మీద మళ్ళీ 30 కిలోమీటర్లే ఉంది, ఈసారి 37.8 లీటర్లు పట్టింది! ఫుల్ గీత కూడా వచ్చింది.

జవాబు (విజయవాడ నుంచి)

అయితే మీ ట్యాంకు బాగానే ఉంది తల్లీ. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను చట్టం అనుమతిస్తుంది, మీకు అదీ లేదంటే ఆ బంకు నమ్మదగినదే. తిరుపతికి హైదరాబాద్ నుంచి సుమారు 560 కిలోమీటర్లు. లీటరుకు 18 వచ్చినా 37.8 లీటర్లతో 680 వెళ్తారు. మధ్యలో ఒంగోలులోనో నెల్లూరులోనో అమ్మానాన్నలు దిగి కాళ్ళు చాచుకునేటప్పుడు మరో పది లీటర్లు పోయించుకోండి.

మైలేజీ లెక్క కట్టేటట్లయితే ప్రతిసారీ అదే బంకులో, అదే వేగంతో, మొదటిసారి ఆగినచోటే ఆపించండి. ఒకసారి 33, ఒకసారి 38 నింపి లెక్క కడితే కారును అనవసరంగా అనుమానిస్తారు. నెమ్మదిగా పోసినా మళ్ళీ 33కే ఆగడం మొదలైతే, మూత తీయగానే బుస్సుమని గాలి గట్టిగా వచ్చినా, పెట్రోలు వాసన వచ్చినా, ఆలస్యం చేయకుండా గాలి గొట్టం, క్యానిస్టర్ చూడమని అడగండి. వారంటీలో ఉండగానే అడగండి, బిల్లులు చూపించండి.

ప్రశ్న అడిగినవారు

మావారు కూడా చదివారు. కొలత ఆలోచన మానుకున్నారు. బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి డాష్‌బోర్డు అరలో ఉంచాం.