జాక్ రసెల్ టెరియర్‌కి కెన్నెల్ క్లబ్ గుర్తింపు మేలా, కీడా?

(ఇది ఒక చర్చ. ప్రతి మాటకీ పైన ఉన్నది రాసినవాళ్ళ కలం పేరు.)

కొండవాగు

జాక్ రసెల్ అంటే నక్కని బొరియలోంచి బయటికి తరమడానికి పెంచిన చిన్న టెరియర్ కుక్క. కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2016 జనవరి 1 నుంచి జాక్ రసెల్‌ని ఒక జాతిగా నమోదు చేసుకుంటోంది. పొడుగు కాళ్ళ రకాన్ని అంతకు చాలా ముందే, 1990లో, పార్సన్ జాక్ రసెల్ అన్న పేరుతో చేర్చుకుంది. 1999లో ఆ పేరులోంచి జాక్ తీసేసింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1997లో జాక్ రసెల్‌ని తీసుకుని, 2003లో దాన్నే పార్సన్ రసెల్‌గా మార్చి, 2012లో పొట్టి రకానికి రసెల్ టెరియర్ అని ఇంకో పేరు పెట్టింది. ఇన్ని పేర్ల మధ్య అసలు కుక్క ఏమైపోతోందన్నదే నా బాధ. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ గుర్తింపు జాతికి కీడే చేసింది.

ఈ కుక్క ఒంట్లో ప్రతి కొలతనీ నిర్ణయించింది నక్క బొరియ. మోచేతుల వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకుంటే వేళ్ళు కలవాలి. పక్కటెముకలు నొక్కితే కాస్త లొంగాలి. అలా లొంగని కుక్క బొరియ మలుపులో ఇరుక్కుంటే వెనక్కి రాలేదు. భుజం వెనక్కి ఏటవాలుగా ఉండాలి, అప్పుడే ముందుకాళ్ళు చాపి మట్టి తవ్వుకుంటూ పోగలదు. బొచ్చు నున్నగా ఉన్నా, గరుకుగా ఉన్నా, రెండింటికీ మధ్యరకంగా ఉన్నా పైపొర బిరుసుగా, లోపొర ఒత్తుగా ఉండాలి. తెలుపు ఎక్కువ ఉండాలనడం కూడా అందం కోసం కాదు. బొరియలోంచి మట్టి కొట్టుకుని బయటికొచ్చిన టెరియర్‌ని వేటకుక్కలు నక్క అనుకుని మీద పడకూడదని.

స్వభావం ఇంకా ముఖ్యం. నక్కని చంపే కుక్క పనికిరాదు. ఎదురుగా నిలబడి, ఆగకుండా మొరిగి, బయటికి తరిమేదే మంచి కుక్క. కొరకడానికి ఎగబడేది మూతి చీల్చుకుని పది రోజులు మూలన పడుంటుంది. అసలు మొరగనిది ఎక్కడుందో పైన తవ్వేవాడికి తెలియదు. ఈ గుణాలేవీ ప్రదర్శన బరిలో రెండు నిమిషాల చూపుకి అందవు. అందేది తల ఆకారం, మచ్చల పొందిక, నడక. దేనికి బహుమతి ఇస్తే అదే పెరుగుతుంది. ఇదే పనికి పెంచిన ఫాక్స్ టెరియర్‌కి జరిగింది ఇదే: తల సన్నబడి పొడుగైంది, భుజం నిటారైంది, పని తగ్గింది.

రెండోవైపు

కొండవాగు గారూ, ఫాక్స్ టెరియర్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ చరిత్ర మొత్తం చూస్తే మీ వాదన నిలవదు.

రెవరెండ్ జాన్ రసెల్ (1795–1883) డెవన్‌లో, స్విమ్‌బ్రిడ్జ్ చర్చిలో దాదాపు అర్ధ శతాబ్దం పనిచేశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కని కొన్నాడు. తెల్లటి ఒళ్ళు, రెండు కళ్ళ మీదా చెవుల మీదా ముదురు గోధుమ మచ్చలు, తోక మొదట్లో నాణెమంత చుక్క, ఎత్తు ఎదిగిన ఆడ నక్కంత. ఆ కుక్క తర్వాత వచ్చినవన్నీ ఆయన పని చూసి జత కట్టించినవే, ఎక్కడ మంచి కుక్క దొరికితే అక్కడి రక్తం తెచ్చుకున్నాడు. డబ్బు ఇబ్బందుల్లో కుక్కల్ని అమ్ముకున్నాడు కూడా. చనిపోయేనాటికి మిగిలినవి నాలుగు ముసలి కుక్కలే అంటారు. కాబట్టి ఈనాటి ఏ జాక్ రసెల్‌కైనా ట్రంప్ దాకా వంశవృక్షం ఉందనేది కాగితం మీద నిరూపించలేని మాట.

ఇంకో సంగతి. 1873లో కెన్నెల్ క్లబ్ పెట్టిన తొలి సభ్యుల్లో ఈ రసెల్ కూడా ఒకడు. మరుసటి ఏడు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఫాక్స్ టెరియర్లకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు. ప్రదర్శన అనగానే ఆయన్ని విరోధిగా నిలబెట్టడం సరికాదు.

ఇక కొలతలు. రసెల్ తర్వాత ఈ కుక్కల్ని పెంచిన ఆర్థర్ హైనెమన్ 1904లో రాసిన జాతి ప్రమాణంలో, అంటే కుక్క ఎలా ఉండాలో చెప్పే రాతలో, మూపు దగ్గర ఎత్తు 14 అంగుళాలు, అంటే సుమారు 35 సెంటీమీటర్లు. ఇప్పటి పార్సన్ రసెల్‌కి మగదానికి 36, ఆడదానికి 33 ఆదర్శం. అంటే క్లబ్ గుర్తించిన పార్సన్ రసెలే పాత కొలతకి దగ్గరగా ఉంది! మన సినిమాల్లో, ప్రకటనల్లో కనపడే 25–30 సెంటీమీటర్ల కుక్క రూపు స్థిరపడింది ఆస్ట్రేలియాలో. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య దాని ప్రమాణంలో పుట్టిన దేశం ఇంగ్లండ్ అనీ, అభివృద్ధి చేసిన దేశం ఆస్ట్రేలియా అనీ రెండూ రాసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో ప్రమాణం లేకుండా పెంచిన రోజుల్లోనే కార్గీ, డాక్స్‌హుండ్ లాంటి పొట్టి కాళ్ళ రక్తం కలిసి వంకర కాళ్ళు, పొడుగు నడుము వచ్చాయంటారు. వంశాలు నమోదు చేసే పుస్తకం లేకపోతే జాతి స్వచ్ఛంగా ఉంటుందనుకోవడం ఎలా?

కొండవాగు

స్వచ్ఛత గురించి నేనేమీ అనలేదండీ. పని గురించే అన్నాను. రసెల్ న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు, నిజమే. తన కుక్కల్ని మాత్రం ఎప్పుడూ బరిలో పెట్టలేదు. అదీ లెక్కలోకి రావాలి కదా.

పుస్తకం లేకుండా పెంచడానికీ, పుస్తకం మూసేసి బయటి కుక్కల్ని రానివ్వకపోవడానికీ మధ్య మూడో దారి ఉంది. 1974లో గ్రేట్ బ్రిటన్‌లో, 1976లో అమెరికాలో మొదలైన జాక్ రసెల్ క్లబ్బులు దాన్నే పట్టుకున్నాయి. అమెరికా క్లబ్‌లో పుట్టిన పిల్లని పుట్టగానే తల్లిదండ్రుల కాగితాలు చూసి నమోదు చేయరు. ఏడాది నిండాక, పశువైద్యుడి ధ్రువపత్రం, వంశవృక్షం, ఫొటోలు, ఎత్తు చూసి ఒక్కో కుక్కనీ విడిగా తీసుకుంటారు. తండ్రీకూతురు, తల్లీకొడుకు, తోబుట్టువుల జతలు నిషేధం. 10 నుంచి 15 అంగుళాల దాకా అన్నీ ఒకే జాతి, ఎందుకంటే బొరియలూ ఒకే సైజులో ఉండవు. అలాంటి జాతిని పార్సన్ అనీ జాక్ అనీ చీల్చి, ఒకదాంతో ఒకటి కలవకుండా గోడ కట్టడం వల్ల రెండు వైపులా రక్తంలో వైవిధ్యం తగ్గింది. అసలు కీడు అదీ.

పశువైద్యం

ఈ వైవిధ్యం తగ్గడం గురించి ఒక మాట. ఈ జాతిలో ఎక్కువ భయపడాల్సింది కంటి కటకం జారడం. కటకాన్ని పట్టుకునే సన్నటి దారాలు తెగి, అది ముందుకు జారుతుంది. కంటిలో ఒత్తిడి పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. సాధారణంగా 3 నుంచి 8 ఏళ్ళ మధ్య వస్తుంది. కన్ను ఎర్రబడటం, నీలంగా మసకబారడం, వెలుతురుకి కన్ను మూసుకోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. చుక్కల మందు వేసి చూద్దామనుకునేలోపే కన్ను పోతుంది.

దీనికి కారణమైన ఏడీఏఎమ్‌టీఎస్17 జన్యులోపం 2010 నుంచి పరీక్షకి అందుబాటులో ఉంది. అది మూసిన పుస్తకం ఉన్న కుక్కల్లోనూ ఉంది, తెరిచిన పుస్తకం ఉన్న కుక్కల్లోనూ ఉంది, లాంకషైర్ హీలర్, మినియేచర్ బుల్ టెరియర్ లాంటి వేరే జాతుల్లో కూడా ఉంది. అంటే గుర్తింపుకి చాలా ముందునుంచీ రక్తంలో ఉన్న లోపం. పుస్తకం తెరిచి ఉంచితే అది పోదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

పరీక్ష ఫలితం మూడు రకాలు: లోపం లేనిది, లోపమున్న జన్యువు ఒక ప్రతి మోసేది, రెండు ప్రతులూ ఉన్నది. మోసేదాన్ని లోపం లేనిదానితో జత కట్టొచ్చు. పిల్లల్లో ఒక్కటికీ రెండు ప్రతులు రావు, సుమారు సగం మోసేవి అవుతాయి, వాటిని మళ్ళీ పరీక్షించాలి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మోసేవాటన్నిటినీ ఒకేసారి సంతానానికి పనికిరావని పక్కన పెట్టేయడం. చిన్న గుంపులో అలా చేస్తే మిగతా మంచి గుణాలు కూడా కొట్టుకుపోతాయి, కొత్త రోగం పైకి తేలుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఒకే ప్రతి ఉన్నవాటిలోనూ కొద్దిపాటికి ఈ జబ్బు వస్తుంది. కాబట్టి వాటి కళ్ళు ఏటా చూపించాలి.

నడక తూలిపోయే అటాక్సియాకి కూడా జన్యుపరీక్ష ఉంది. తెలుపు ఎక్కువున్న కుక్కల్లో పుట్టు చెవుడుకి మాత్రం జన్యుపరీక్ష లేదు. పిల్లలు 5–6 వారాలప్పుడు మెదడు తరంగాల పరీక్షతో ఒక్కో చెవినీ విడిగా చూడాలి. చప్పట్లు కొట్టి చూస్తే ఒక చెవి వినపడని పిల్ల దొరకదు.

లీడ్స్ తెలుగు

పని, పని అంటున్నారు గానీ ఇక్కడ, ఇంగ్లండ్‌లో, ఆ పనికి చట్టంలో ఎంత చోటుందో చెప్పాలి. 2004 హంటింగ్ యాక్ట్ 2005 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అమల్లో ఉంది. నేల కింద టెరియర్‌ని వాడొచ్చన్న మినహాయింపు, వేటలో కాల్చడం కోసం ఉంచిన పక్షుల్ని కాపాడే సందర్భానికే. బొరియలో ఒక్క కుక్కే ఉండాలి, భూమి యజమాని రాతపూర్వక అనుమతి దగ్గరుండాలి, బయటికొచ్చిన నక్కని వెంటనే కాల్చాలి. బొరియల్లోనే ఉండే బాడ్జర్ అనే జంతువు జోలికి వెళ్ళడం నేరమే. కుక్క మెడకి సిగ్నల్ కాలర్ కట్టి, పైనుంచి రిసీవర్‌తో ఎంత లోతులో ఉందో చూసి తవ్వడం ఈ పనివాళ్ళ పద్ధతి.

ఇలాంటి పని చేసే కుక్కలు కొద్ది. మిగతావన్నీ ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఇంటి కుక్కకి నక్క బొరియే ప్రమాణం అంటే, కొనేవాళ్ళకి అక్కరకొచ్చే మాట ఏముంటుంది? క్లబ్ ఉంటే కనీసం పరీక్ష ఫలితం కుక్క పేరు పక్కనే అందరికీ కనపడుతుంది.

రెండోవైపు

గుర్తింపు ఇచ్చిన క్లబ్బులూ పనిని పూర్తిగా వదిలేయలేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఎర్త్‌డాగ్ అనే బొరియ పరీక్షలో సొరంగం అడ్డంగా 9 అంగుళాలు, ఎత్తు 9 అంగుళాలు. జూనియర్ స్థాయిలో 30 అడుగుల పొడవు, మూడు 90 డిగ్రీల మలుపులు. చివర కటకటాల వెనక ఎలుకలు భద్రంగా ఉంటాయి. వదిలిన 30 సెకన్లలో అక్కడికి చేరాలి, 60 సెకన్లు ఆపకుండా మొరగడమో గీకడమో చేయాలి.

కొండవాగు

ఆ పరీక్ష కుక్కలో ఉత్సాహాన్ని చూపిస్తుంది, నిగ్రహాన్ని కాదు. కటకటాల వెనక ఎలుక తిరిగి కొరకదు. దూరం పాటించే కుక్కకీ, దూకి కొరికే కుక్కకీ అక్కడ ఒకే మార్కు పడుతుంది. ఆ తేడా తెలియని చోట మొండి కుక్కలే ఎక్కువ పాసై, వాటికే ఎక్కువ ఈతలు పుడతాయి. ఇంట్లో దాని ఫలితం లీడ్స్ తెలుగు గారు చెప్పిన కుటుంబాలే అనుభవిస్తాయి. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కల్నో రెండు మగకుక్కల్నో వదిలి బయటికి వెళ్తే తిరిగొచ్చేసరికి రక్తం చూడాల్సిన జాతి ఇది. రెండుకు మించి టెరియర్లని ఎవరూ లేకుండా ఒకచోట వదలొద్దని అమెరికా జాక్ రసెల్ క్లబ్ గట్టిగా చెప్పేది అందుకే.

పెన్నా తీరం

హైదరాబాద్, విజయవాడల్లో ఇప్పుడు జాక్ రసెల్ పేరుతో పిల్లల్ని అమ్ముతున్నారు కాబట్టి, ఈ చర్చ ఇక్కడివాళ్ళకి దేనికి పనికొస్తుందో చెప్తాను. తెల్ల ఒళ్ళు, మొహాన గోధుమ మచ్చ ఉంటే చాలు, ఆ పేరు పెట్టేస్తున్నారు. మైక్రోచిప్ నంబరు రీడర్‌తో చదివించి కాగితంలో నంబరుతో సరిచూడండి. తల్లిని కళ్ళారా చూడండి, ఎత్తు కొలవండి. జాక్ రసెల్‌కి ప్రతి 5 సెంటీమీటర్ల ఎత్తుకి కిలో బరువు లెక్క: 25 సెంటీమీటర్లది 5 కిలోలు, 30 సెంటీమీటర్లది 6 కిలోలు. 28 సెంటీమీటర్ల తల్లి 9 కిలోలు తూగితే అది లావైనా అయ్యుండాలి, జాతైనా వేరయ్యుండాలి.

ఇక్కడ నక్క జోలికి పోనక్కర్లేదు, పోకూడదు కూడా. నక్క, ముంగిస, ఉడుము, అడవిపిల్లి అన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందివే. పొలం గట్ల మీద కుక్కని వదిలితే ఇవే ఎదురొస్తాయి. పాములు కూడా. టెరియర్ పాముని చూసి వెనక్కి తగ్గదు, అందుకే గట్ల మీద తాడు విప్పొద్దు.

గోడౌన్లలో పందికొక్కుల మీద వదలాలనుకునేవాళ్ళకి అసలు ప్రమాదం ఎలుకల మందు. బ్రోమడయోలోన్ తిన్న కొక్కుని కుక్క తింటే వెంటనే ఏమీ కనపడదు. మూడు నుంచి ఐదు రోజులకి చిగుళ్ళు పాలిపోవడం, ముక్కున రక్తం, దగ్గు, నీరసం మొదలవుతాయి. మందు పెట్టిన ప్యాకెట్ దాచి వైద్యుడికి చూపించండి. విటమిన్ కె1 మూడు నాలుగు వారాలు ఆపకుండా ఇవ్వాల్సి ఉంటుంది, కోలుకున్నట్టుందని మధ్యలో మానేస్తే మళ్ళీ రక్తం కారుతుంది. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి టీకా మొదట రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి, ఈ కుక్కలకి తప్పకూడదు.

పశువైద్యం

పెన్నా తీరం గారి లెక్కకి ఒక చేర్పు. బరువు కంటే ఛాతీ కొలత నమ్మదగినది. జాక్ రసెల్ ప్రమాణంలో మోచేతుల వెనక చుట్టుకొలత 40–43 సెంటీమీటర్లు. టేపు బిగించకుండా, చర్మాన్ని తాకేలా పెట్టి, కుక్క ఊపిరి వదిలినప్పుడు చదవాలి.

రెండోవైపు

ఆ కొలత రాసిందీ గుర్తింపు ఇచ్చిన సమాఖ్యే, కొండవాగు గారూ. పార్సన్ రసెల్ ప్రమాణంలో కూడా చేతులతో చుట్టి చూడాలనే ఉంది. పని మర్చిపోయినవాళ్ళు ఆ వాక్యం ఉంచుతారా?

కొండవాగు

వాక్యం ఉంటే చాలదు, ప్రతి కుక్కకీ చేయాలి, సరిగ్గా చేయాలి. వెనకనుంచి నిలబడి, ముందుకాళ్ళు నేలనుంచి కాస్త లేపి, బొటనవేళ్ళు వెన్ను మీద, మిగతా వేళ్ళు మోచేతుల వెనక రొమ్ము కింద కలిసేలా పెట్టి మెల్లగా నొక్కాలి. నాలుగు కాళ్ళ మీద నిలబడిన కుక్కని పైపైన తడిమి వదిలేస్తే భుజాల బలుపు తెలియదు. పెద్ద చేతులున్న న్యాయనిర్ణేతకి 46 సెంటీమీటర్ల ఛాతీ కూడా చేతికి అందినట్టే ఉంటుంది. కాబట్టి చేతులతో పాటు టేపు కూడా పెట్టి, కొలతని వంశవృక్షం కాగితంలో రాయమనండి, కంటి పరీక్ష ఫలితం పక్కనే. పార్సన్, జాక్ పుస్తకాల మధ్య జతలకి, రెండు వైపులా పరీక్ష చేసిన కుక్కలైతే, దారి తెరవమనండి. ఈ రెండూ చేసిన క్లబ్‌లో కుక్కని నమోదు చేయించడానికి నాకు అభ్యంతరం లేదు.

రెండోవైపు

మొదటిదానికి ఒప్పుకుంటాను. రెండోదానికి ఒప్పుకోను. 26 సెంటీమీటర్లదాన్నీ 36 సెంటీమీటర్లదాన్నీ కలిపితే ఒకే ఈతలో పొడుగు కాళ్ళూ పొట్టి కాళ్ళూ, కొన్నిట్లో వంకర ముందుకాళ్ళూ వస్తాయి. ఆ పిల్లల్ని ఏ పేరుతో నమోదు చేయాలో ముందు చెప్పండి.