స్పీడ్ కెమెరా చలానా వచ్చింది, ఫోటోలో బండి మాది కాదు. కట్టేసేదా, కొట్లాడేదా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

ఏపీ03_పిల్లోడు:
అన్నలారా అక్కలారా ఒక సాయం కావాల. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఓవర్ స్పీడ్ అంట, వెయ్యీ చిల్లర ఫైను, జాగా చూస్తే పూతలపట్టు దగ్గర హైవే. ఆ రోజు మా కారు తిరుపతి దాటనే లేదు, మా నాయనకి కళ్ళద్దాలు మార్పించేదానికి ఊర్లోనే తిరిగినాము. చలానాలో ఫోటో చూస్తే మాది మాదిరే తెల్ల స్విఫ్ట్, కానీ నంబర్ ప్లేట్ మసక మసకగా ఉండాది, కడపటి అంకె వాళ్ళు 3 అని రాసుకున్నారు, నా కళ్ళకి అది 8 మాదిరి కనిపిస్తా ఉంది. మా బావేమో వెయ్యి రూపాయలకి యాలరా తలనొప్పి కట్టి పారేయ్ అంటాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతా ఉంది, చేయని తప్పుకి ఒక్క రూపాయి కూడా కట్టబుద్ధి కాలా. ఎవరైనా ఇట్లాంటిది క్యాన్సిల్ చేయించుకున్నారా?

బైపాస్ బాబాయ్:
ముందర ఆ మెసేజ్ నిజమైందేనా చూసుకో నైనా. వాట్సాప్‌లో చలానా అని ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు పంపిస్తారు, నొక్కినావంటే వెయ్యి కాదు, అకౌంట్ మొత్తం ఊడ్చుకుని పోతారు. మా వీధిలో ఒకాయనకి అట్లనే అయింది, సైబర్ మోసాల నంబరు 1930 కి ఫోన్ చేసినాడు గానీ అప్పటికే లేటు. లింకు నొక్కొద్దు, నువ్వే పరివాహన్ ఈ-చలానా సైటు తెరిచి బండి నంబరు కొట్టి చూడు. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉండాల. ఆడ కనిపిస్తేనే చలానా ఉన్నట్టు.

ఏపీ03_పిల్లోడు:
చూసినా బాబాయ్, సైట్లో ఉంది. ఫోటో కూడా ఆ సైట్లోదే.

బైపాస్ బాబాయ్:
అయితే మీ బావ చెప్పిందే కరెక్టు. నేను ఒకసారి పంతానికి పోయి స్టేషన్ చుట్టూ తిరిగినా, ఈయన కాదు ఆయన, ఆయన బందోబస్తుకి కొండకి పోయినాడు, రేపు రా. పెట్రోలు, ఆటో, సెలవు అన్నీ లెక్కేస్తే ఫైను కంటే ఎక్కువే అయింది.

నల్లకోటు_చిత్తూరు:
బాబాయ్ మాట కొట్టిపారేయను, కానీ కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, రాజీ అయిపోయినట్టు లెక్క, తర్వాత నాది కాదంటే వినేవాళ్ళు ఉండరు. అందుకని ముందర కట్టొద్దు, చూడాల్సినవి చూడండి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 167ఎ అని ఒకటి చేర్చినారు, కెమెరాలు, స్పీడ్ గన్‌లు అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ రూలు ప్రకారం చలానాతో పాటు నేరం, నంబర్ ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫోటో ఉండాల, మిషను కొలిచిన స్పీడు ఎంతో ఉండాల, తేదీ, టైము, జాగా ఉండాల, ఏ సెక్షన్ కిందనో రాయాల, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కూడా జత చేయాల. మిషనుకి అప్రూవల్ సర్టిఫికెట్ ఉండాల, అది ఏటేటా రెన్యువల్ చేయించాల. ముందర రోడ్డు మీద కెమెరా నిఘా ఉందని బోర్డు పెట్టాల. నోటీసు 15 రోజుల్లోపల పంపాలని ఆ 2021 రూల్లో పెట్టినారు.

ఇవన్నీ చదివి ఎగిరి గంతేయకండి. బోర్డు లేదు, సర్టిఫికెట్ చూపించలేదు అని ఆన్‌లైన్ కంప్లైంట్‌లో రాస్తే చలానా పోతుందని నేను చెప్పడం లేదు. అవి కోర్టులో వాదించేవి. కంప్లైంట్‌లో పనికొచ్చేది ఒక్కటే, ఫోటోలో ఉండే బండి నీది కాదని ఎదుటోడికి ఒక్క నిమిషంలో కనపడాల. పిల్లోడిది సరిగ్గా అదే కేసు, కోర్టు దాకా పోయే పని లేదు.

క్యాబ్_కిష్టడు:
ఈయన చెప్పింది నిజం అన్నా. నాకు రెండు రకాలూ అయినాయి. ఒకసారి నిజంగానే నేను అంత స్పీడ్ పోలా, వెనకాల పెద్దోళ్ళని పెట్టుకుని కాణిపాకం పోతా ఉంటి, నాకు బాగా గుర్తు, అదే పొడుగ్గా రాసి పంపిస్తే ఒక్క లైన్‌లో రిజెక్ట్ కొట్టినారు. ఇంకోసారి మా బండి శ్రీకాళహస్తి రూట్లో దొరికిందని చలానా వచ్చింది, అదే టైముకి బండి గాదంకి టోల్ దాటినట్టు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఉంది, ఒక బండి రెండు పక్కల ఎట్ల ఉంటాది? స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పెట్టి రెండే రెండు లైన్లు రాసినా, తీసేసినారు. ఏడిస్తే పోదు, కాగితం చూపిస్తే పోతాది. టాక్సీ బండ్లకి జీపీఎస్ మిషను ఉంటాది కదా, దాంట్లో ఆ రోజు రూటు, స్పీడు అన్నీ దొరుకుతాయి, అది కూడా తీసి పెట్టుకోండి.

గాదంకి గాలి:
గాదంకి అనంగానే నా డ్యూటీ మొదలు. మా ఊర్లో రాడార్ ఉంది గానీ అది గాలినీ వాతావరణాన్నీ చూసేది, బండ్లని కాదు, భయపడకండి 😀

ఇంక అసలు విషయం. హైవే మీద మనోళ్ళు పట్టుకుని నిలబడే గన్‌లు చాలావరకు లేజర్‌వి. సెకనులో చాలాసార్లు లేజర్ కొట్టి, అది బండికి తగిలి తిరిగొచ్చే టైములో తేడా బట్టి స్పీడు లెక్క కడతాది. ఫోటోలో చిన్న ప్లస్ గుర్తో చుక్కో ఉంటాది, అదే గురి. ఆ గుర్తు మీ బండి మీద ఉందా, పక్క లేన్‌లో ఉండే బండి మీద ఉందా చూడండి. రెండు బండ్లు ఒకటే ఫ్రేములో ఉండి గుర్తు పక్కదాని మీద ఉంటే అది గట్టి పాయింట్.

కొంతమంది గన్ పక్కకి పెట్టినారు, యాంగిల్ తప్పు, అందుకే ఎక్కువ చూపించింది అని రాస్తారు. ఆ పని చేయొద్దు. రోడ్డుకి పక్కన నిలబడి కొడితే రీడింగ్ అసలు స్పీడు కంటే తక్కువే వస్తాది, ఎక్కువ రాదు. యాంగిల్ అని మీరు అంటే, అయితే నువ్వు ఇంకా బిన్నా పోయినావన్నమాట అని వాళ్ళు అంటారు.

పిల్లోడా, నీది మాత్రం స్పీడు గొడవే కాదు, నంబరు చదవడంలో గొడవ. 3కీ 8కీ, బికీ 8కీ, డికీ సున్నాకీ మధ్య మిషన్లు తరచుగా తికమక పడతాయి. పాత ప్లేట్లలో అంకెలు ఎవరికి ఇష్టమొచ్చిన స్టైల్లో వాళ్ళు రాయించుకుంటారు కదా, అవి మరీ ఘోరం. నీ కారుకి అంకెలన్నీ ఒకే అచ్చులో ఉండే హై సెక్యూరిటీ ప్లేట్ ఉందా?

ఏపీ03_పిల్లోడు:
ఉంది అన్నా, 2019 తర్వాత కొన్న బండి. ఫోటోలో దానికి లేదు, మామూలు ప్లేటే. అదొకటి ఇప్పుడే గమనించినా! ఇంకోటి, మా దానికి వెనక అద్దం మీద శంఖుచక్రాల స్టిక్కర్ ఉంది, ఫోటో వెనక నుంచే తీసినారు, దాంట్లో స్టిక్కర్ లేదు.

నల్లకోటు_చిత్తూరు:
ఇంకేం కావాలి నాయనా. నీ బండి వెనక నుంచి అదే కోణంలో ఫోటో తీయి, ప్లేటు, స్టిక్కర్ పడాల, ఆర్సీ కాపీ పెట్టు, ఈ-చలానా సైటులోనే గ్రీవెన్స్ అని ఉంటాది, చలానా నంబరు వేసి ఇవన్నీ అప్‌లోడ్ చెయ్. నాలుగు లైన్లు దాటొద్దు. పోలీసుల్ని తిట్టొద్దు, సెక్షన్లు వల్లించొద్దు. స్క్రీన్‌షాట్ దాచిపెట్టుకో. అవతలోడు కావాలనే నీ నంబరు వేసుకుని తిరుగుతున్నాడని అనుమానం ఉంటే మాత్రం దగ్గర్లో స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తీసుకో, ఎందుకంటే రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నీ ఇంటికి వస్తారు.

మదనపల్లి టమోటా:
నాకు ఒకటి అర్థం కాదు. అందరూ చలానా ఎట్ల తప్పించుకోవాలనే మాట్లాడతారు. భాకరాపేట ఘాట్‌లో నేను వారానికోసారి దిగుతా. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తా ఉన్న బస్సు ఆడే లోయలో పడింది, ఎంతమంది పోయినారో గుర్తుందా. మొగిలి ఘాట్ సంగతి చిత్తూరు వాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. కెమెరాలు ఇంకా ఎక్కువ పెట్టాలంటా నేను.

క్యాబ్_కిష్టడు:
కెమెరా వద్దని ఎవురన్నారు అన్నా, బండి మాది అయితే కడతాం, ఎవడి బండికో మేము యాల కట్టాల?

అలిపిరి అమ్మాయి:
మనోళ్ళకి స్పీడు లెక్క కొత్తేం కాదు లెండి, కొండ ఘాట్ రోడ్డులో ఎప్పటి నుంచో ఉంది కదా. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు, ముందే చేరితే ఫైను. దానికి మనోళ్ళు ఏం చేస్తారు, మధ్యలో రయ్యిమని పోయి చివర్లో చెక్‌పోస్ట్ కనిపించే ముందర బండి పక్కన పెట్టి టైము అయ్యేదాకా జామకాయలు తింటా కూర్చుంటారు 🤦‍♀️

నా సమస్య వేరే. సెకండ్ హ్యాండ్ స్కూటీ కొన్నా, పేరు మార్పించేదానికి పోతే బోలెడు చలానాలు పెండింగ్ ఉన్నాయని తేలింది, అన్నీ పాత ఓనర్ టైములోవి. మెసేజ్‌లు అన్నీ ఆమె నంబరుకే పోతున్నాయి, ఆర్సీలో నంబరు ఆమెదే కాబట్టి. అడిగితే ఫోన్ ఎత్తట్లేదు. ఇవి కూడా నేనే కట్టాలా?

నల్లకోటు_చిత్తూరు:
అమ్మా, తేదీలు చూడండి. కొనక ముందరివి అయితే చట్టం ప్రకారం ఆమెవే, అమ్మకం కాగితం మీద తేదీ ఉంటే చూపించొచ్చు. కానీ పేరు మారాలంటే ముందర బాకీ క్లియర్ చేయమంటారు, ప్రాక్టికల్‌గా అక్కడ ఇరుక్కుంటారు. చిన్న మొత్తమైతే కట్టి ఆమె దగ్గర వసూలు చేసుకునేదే సులువు, పెద్దదైతే లోక్ అదాలత్ తేదీ కనుక్కోండి. పేరు మారినాక మొదటి పని మొబైల్ నంబరు మార్పించడం. సగం మందికి చలానా ఉందనే తెలియదు ఈ నంబరు గొడవ వల్ల.

రేణిగుంట రెడ్‌సిగ్నల్:
డిస్కౌంట్ ఎప్పుడొస్తుందో చెప్పండన్నా, అప్పుడు అన్నీ కలిపి కట్టేస్తా. హైదరాబాద్‌లో మా తమ్ముడు టూవీలర్‌కి పావలా వంతు కట్టి బయటపడ్డాడు.

బైపాస్ బాబాయ్:
అది తెలంగాణ నైనా, 2022 లో ఒకసారి, మళ్ళా 2023 డిసెంబర్‌లో ఒకసారి ఇచ్చినారు. కర్ణాటకలో కూడా 2023 ఫిబ్రవరిలో సగానికి సగం తగ్గించినారు. నీ బండి ఏపీ చలానాకి అవి వర్తించవు, దాని కోసం కూర్చుంటే పొల్యూషన్ చెకింగ్‌లో బండి ఆపినోడు అన్నీ ఒకేసారి చదివి వినిపిస్తాడు.

మదనపల్లి టమోటా:
అసలు మన రోడ్లో లిమిట్ ఎంత? తిరుపతి చిత్తూరు రోడ్డులో ఒక్కో జాగాలో ఒక్కో బోర్డు ఉంది.

నల్లకోటు_చిత్తూరు:
కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చింది గరిష్ఠం మాత్రమే. మధ్యలో డివైడర్ ఉండే నాలుగు లేన్ల రోడ్డులో కారుకి 100, టూవీలర్‌కి 80, ఊర్ల లోపల కారుకి 70, టూవీలర్‌కి 60. తొమ్మిది, అంతకంటే ఎక్కువ మంది ప్యాసింజర్లు ఎక్కే బండి అయితే నాలుగు లేన్లలో 90. దానికంటే తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది, ఊరు వచ్చే జాగాలో, మలుపులో, స్కూలు దగ్గర తగ్గించి బోర్డు పెడతారు, ఆడ ఆ బోర్డే లెక్క. కాబట్టి 100 కి లోపలే పోయినా అని చలానా మీద ఎగరొద్దు. ఫైను సెక్షన్ 183 కింద, చిన్న బండికి వెయ్యి నుంచి రెండు వేలు, లారీ, బస్సుకి రెండు నుంచి నాలుగు వేలు. రెండోసారి అయితే లైసెన్సు మీదికి వస్తాది, అందుకే తప్పుడు చలానా అయినా ఊరికే కట్టొద్దంటున్నా.

ఏపీ03_పిల్లోడు:
అప్‌డేట్. గ్రీవెన్స్ పెట్టినా, నల్లకోటు అన్న చెప్పినట్టే నాలుగు లైన్లు, రెండు ఫోటోలు, ఆర్సీ. కొన్నాళ్ళు ఉలుకూ పలుకూ లేదు, ఇంక బాబాయ్ మాటే నిజమయ్యేట్టు ఉందనుకున్నా. తర్వాత ఒకాయన ఫోన్ చేసి ఫోటో మళ్ళీ వాట్సాప్‌లో పంపమన్నాడు, పెద్ద సైజులో. పంపినా. ఈరోజు సైట్లో చూస్తే పెండింగ్‌లో ఏమీ లేదు. సారీ గీరీ ఏం లేదు, మెసేజ్ కూడా లేదు, తీసేసినారు అంతే. అసలు 8 నంబరు వాడికి చలానా పోయిందో లేదో వాడి అదృష్టం.

బైపాస్ బాబాయ్:
సంతోషం. పరివాహన్‌లో పోయిందని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, రేపు మళ్ళీ లేస్తే?

క్యాబ్_కిష్టడు:
నల్లకోటు అన్నా, ఒక్క డౌటు, తమిళనాడుది. కాణిపాకం నుంచి శ్రీపురం గోల్డెన్ టెంపుల్‌కి పార్టీని తీసుకుని పోయినప్పుడు వేలూరు పక్కన కొట్టినారు. అది పరివాహన్‌లో కనిపిస్తా ఉంది, కానీ కట్టబోతే కోర్టుకి పంపినాము అని వస్తాంది.

నల్లకోటు_చిత్తూరు:
వర్చువల్ కోర్టుకి, అంటే ఆన్‌లైన్‌లో నడిచే కోర్టుకి పోయినట్టుంది. వర్చువల్ కోర్ట్స్ సైటులో తమిళనాడు ఎంచుకుని బండి నంబరు వెయ్, కేసు కనిపిస్తాది. రెండు బటన్లు ఉంటాయి, ఫైను కట్టేదానికి ఒకటి, ఒప్పుకోను, వాదిస్తా అనేదానికి ఒకటి. రెండోది నొక్కితే కేసు ఆ ఏరియా కోర్టుకి పోతాది, నువ్వు ఆడికి తిరగాల, బాడుగలు పోతాయి. ఫోటోలో బండి నీదేనా?

క్యాబ్_కిష్టడు:
మాదే అన్నా, నంబరు కూడా బాగా కనిపిస్తాంది. ముందర నుంచి తీసినారు, తోలేది మా బామ్మర్ది, పళ్ళు ఇకిలిస్తా ఉన్నాడు.

నల్లకోటు_చిత్తూరు:
అయితే కట్టేసి బామ్మర్ది దగ్గర వసూలు చేసుకో.

క్యాబ్_కిష్టడు:
వాడి దగ్గరా 😂 ఆ వేలూరు కోర్టే నయం.