సమస్యాపూరణం: “చీల్చి పదిగ జనులఁ జేసె నొకటి”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇది. ఏథెన్సు పొలిమేర దాటకండి.

గోదారిగట్టు:
కడలి యొడ్డు, పురము, కాపుల పల్లెలు
మూడు చోట్లవారి ముడిచి కట్టి
క్లైస్తెనీసు పాత కట్టులు తెంపించి
చీల్చి పదిగ జనులఁ జేసె నొకటి.

ఓరుగల్లు: కట్టడం, కట్టులు తెంపడం ఎదురెదురుగా పెట్టారు, భేష్. ఏథెన్సు సంస్కర్త క్లైస్తెనీసు తెంపించిన పాత కట్టులంటే పుట్టుకతో వచ్చే ఆ నాలుగు అయోనియన్ తెగలే కదా. ‘కాపుల పల్లెలు’ మాత్రం అతకలేదు. ఒడ్డున మాత్రం సేద్యం లేదా? చెప్పాల్సింది మెసొగేయా, అంటే లోపలి నేల. ‘లోపలి పల్లెలు’ అంటే గణం కుదురుతుంది, యతి పోతుంది. పోయినసారి స్పార్టా పూరణలో యతి కోసం ఐదుగురు ఎఫోర్లను (అక్కడి పెద్ద అధికారులను) ఏడుగురిని చేసిన చెయ్యే ఇది!

గోదారిగట్టు: ఆ ఏడుగురు మిమ్మల్నింకా వదల్లేదా? మీ పద్యం రానివ్వండి.

ఓరుగల్లు:
నూరు పేర్లు పంప నుడివెను పదిపేర్లు
దేవళాన డెల్ఫి దివ్యవాణి
వీరుల నామ మిచ్చి విభజించి యీ రీతి
చీల్చి పదిగ జనులఁ జేసె నొకటి.

గోదారిగట్టు: ‘వీరుల’ భగణం! సూర్యగణం చోట ఇంద్రగణాన్ని కూర్చోబెట్టి నా యతికి తీర్పు చెబుతున్నారా? ‘ల’ తీసేయండి, ‘వీరనామ మిచ్చి’ సరిపోతుంది. ‘యీ రీతి’ వట్టి పూరకం. అసలు లోపం వేరే ఉంది. తెగలకు వీరుల పేర్లు పెడితే జనం ఒకటవుతారా? 139 డీమ్‌లను (ఊళ్లు, పేటలు) 30 త్రిత్తిస్‌లుగా (డీమ్‌ల గుంపులుగా) చేర్చి, నగరం, తీరం, లోపలి నేల ఒక్కోదాన్నుంచి ఒక్కో త్రిత్తిస్‌ను చీటీ వేసి కలిపితే ఒక తెగ. విరోధం విడేది అక్కడే. మీ పద్యంలో చీల్చడమే ఉంది.

పల్నాటిపులి: పదే ఎందుకో ఇద్దరూ పట్టలేదు. పాత నాలుగు తెగల్లో 12 త్రిత్తిస్‌లు ఉండనే ఉన్నాయి. కొత్త తెగలూ 12 అయితే అవే విభాగాలు మళ్లీ వచ్చేవి, జనం కలిసేవారే కాదు. అరిస్టాటిల్ పేరున ఉన్న ‘ఏథెన్సు రాజ్యాంగం’ చెప్పే కారణమిది. మరో పేచీ: క్రీ.పూ. 307లో ఆంటిగొనిస్, డెమెట్రియాస్ తెగలు చేరి పదికాస్తా పన్నెండయ్యాయి, పాలనామండలి (బూలే) సభ్యులు 500 నుంచి 600కి పెరిగారు. సమస్యే చెల్లదేమో?

నిర్వాహకుడు: ‘చేసె’కు కర్త క్లైస్తెనీసు. క్రీ.పూ. 508 నాటికి పదే. గోదారిగట్టు వారిది నిలిచింది, ‘ల’ తీశాక ఓరుగల్లు వారిదీ. పులిగారూ, ఆ పన్నెండు సంగతి పద్యంలో పెట్టి పంపండి.