మూడో తరగతికి మతాల పాఠం: పట్టికలో ఖాళీ గడి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మూడో తరగతి పిల్లలకి ప్రపంచంలోని మతాల గురించి చెప్పాలి. మొత్తం ఆరు పీరియడ్లు. పోయినేడాది ఈ పిల్లలకే చార్టు మీద పట్టిక గీశాను: మతం, దేవుడు, స్థాపకుడు, గ్రంథం, ప్రార్థనా స్థలం. క్రైస్తవం, ఇస్లాం వరసలు చకచకా నిండాయి. హిందూ మతం దగ్గర స్థాపకుడి గడిలో ఏం రాయాలో తోచలేదు. బౌద్ధం దగ్గర దేవుడి గడితో అదే తంటా. గీత పెట్టి వదిలేశాను. "అయితే వాళ్లకి దేవుడు లేడా టీచర్, పాపం!" అంది ఒక పాప. క్లాసంతా బౌద్ధ కుటుంబం నుంచి వచ్చే బాబు వైపు తిరిగింది. వాడు తల దించుకున్నాడు. ఈసారి అలా కాకూడదు. ఎలా మొదలుపెట్టమంటారు? "ఏ దేవుడు నిజం?" అని అడిగితే ఏం చెప్పాలన్నది ఇంకో టెన్షన్.

జవాబు 1:
మేడమ్, చిక్కంతా ఆ పట్టికలోనే ఉంది. ఒకరిద్దరి కొలతలతో కుట్టిన చొక్కా అందరికీ తొడగబోతే ఎక్కడో చిరుగుతుంది కదా. చార్టు పక్కన పెట్టేయండి. మతానికో పీరియడ్ అని కూడా పంచకండి. ఏదో ఒక విషయం తీసుకుని, దాని చుట్టూ మూడు నాలుగు మతాలను కూర్చోబెట్టండి. నేనైతే పుస్తకంతో మొదలుపెడతాను.

యూదుల తోరా తోలు మీద చేత్తో రాసిన పెద్ద చుట్ట. చదివేటప్పుడు అక్షరాలను వేలితో తాకరు. ఒక సన్నని పుల్ల ఉంటుంది, దాని కొసన చూపుడు వేలు చాపిన బుల్లి చెయ్యి. ఆ వేలిని వరస వెంట జరుపుకుంటూ చదువుతారు. పేరు యాద్, హీబ్రూలో చెయ్యి అని అర్థం. పేరు చెప్పకుండా బొమ్మ చూపించి ఏమిటో ఊహించమనండి. మా వాళ్లు వీపు గోక్కునే పుల్ల అన్నారు! నవ్వులయ్యాక "వేలితో ఎందుకు తాకరు?" అని అడగండి. చెమటకి సిరా చెరుగుతుందని ఒకరు, గౌరవమని ఒకరు అంటారు. రెండూ నిజమే.

ఆ వెంటే సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్. 1430 పేజీలు. సిక్కులకి అది సజీవ గురువుతో సమానం, అందుకే రాత్రి బట్టల్లో చుట్టి పడుకోబెడతారు, తెల్లవారుజామున మళ్లీ తెరుస్తారు. ఖురాన్‌ని నేల మీద పెట్టరు, ఎక్స్ ఆకారంలో ఉండే చెక్క పీట మీద ఉంచి చదువుతారు. వేదాలైతే చాలాకాలం రాతలోనే లేవు. చెవితో విని నోటికి నేర్చుకునేవారు. ఈ మాట దగ్గర పిల్లల కళ్లు ఇంతవుతాయి.

రెండోది చంద్రుడు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29న్నర రోజులు. పన్నెండు సార్లు వేస్తే 354. 365 లోంచి తీసేయమనండి: 11. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుగా ఎందుకు వచ్చేస్తుందో తీసివేత లెక్కలోనే తేలిపోతుంది. హిందూ, యూదు పంచాంగాలు రెండు మూడేళ్లకోసారి అదనపు నెల కలుపుకుంటాయి కాబట్టి పండుగలు అదే రుతువులో ఉంటాయి.

మాట విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. "క్రైస్తవులు ఇలా నమ్ముతారు", "ముస్లింలు ఇలా అంటారు" అనే చెప్పండి. మన సొంత మతం దగ్గరే నాలుక జారుతుంది, అక్కడా అదే వాక్యం వాడండి. "ఏది నిజం?" అంటే నేను చెప్పేది ఇదీ: "దానికి ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు ఉంటుంది. నువ్వు ఇంట్లో అడుగు. ఇక్కడ మనం ఎవరు ఏం నమ్ముతారో తెలుసుకుంటున్నాం." చాలామంది పిల్లలు దాంతో ఊరుకుంటారు.

జవాబు 2:
పై సార్ చెప్పినదానికి రెండు జాగ్రత్తలు. ముహమ్మద్ ప్రవక్త బొమ్మ గీయమని, సిక్కు గురువుల వేషాలు వేయమని ఎప్పుడూ అనకండి. ఆ కుటుంబాలు నొచ్చుకుంటాయి. "నువ్వు ముస్లింవి కదా, నువ్వు చెప్పు" అని ఒక్క పిల్లని లేపకండి. ఎనిమిదేళ్ల పిల్లకి మతం మొత్తం ఎలా తెలుస్తుందండీ? తనంతట తనే చెయ్యెత్తితే వేరు సంగతి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. తీసివేత లెక్క రేపే చేయిస్తా. కానీ ఆ బాబు క్లాసులోనే ఉన్నాడు. ఈ ఏడు బౌద్ధం దగ్గరికి వచ్చాక ఏమనాలి? ఏ మతమూ పాటించని ఇంటి పిల్లలు కూడా ఇద్దరున్నారు.

జవాబు 1:
లేనిదాంతో మొదలుపెట్టకండి మేడమ్, ఉన్నదాంతో మొదలుపెట్టండి. సృష్టికర్త అయిన దేవుడి చుట్టూ తిరిగే మతం కాదది. బుద్ధుడు, ఆయన బోధించిన ధర్మం, ఆ దారిలో నడిచే సంఘం, ఈ మూడింటినీ శరణు కోరతారు. బోర్డు మీద ఆ మూడు మాటలూ రాయండి. ఆ తర్వాత "కొన్ని ఇళ్లలో ఏ మతమూ పాటించరు, వాళ్లకీ మంచీచెడ్డా ఉంటాయి" అని అదే గొంతుతో, ఆగకుండా చెప్పేయండి. ఆ మాట అంటూ ఆ ఇద్దరి వైపు మాత్రం చూడకండి.