ప్లాను మొదటి గీత ఎక్కడ: బటర్ పేపర్ (కిందిది కనబడే పల్చటి కాగితం) మీదా, ఆటోక్యాడ్‌లోనా (కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్)?
(ఇది ఫోరం చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మూడోమెట్టు
40×60 అడుగుల స్థలం, అంటే 267 గజాలు. తూర్పు రోడ్డు, జీ ప్లస్ వన్ ఇల్లు. ఇలాంటి మామూలు పనిని నేరుగా ఆటోక్యాడ్‌లో మొదలెడితే ప్లాన్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. చుట్టూ డబ్బాల్లాంటి గదులు, మధ్యలో మిగిలిందే హాలు. తప్పు పనిముట్టుదా, చేతిదా? ఏ దశలో ఏది వాడాలో, ఎక్కడ దెబ్బతింటామో కొలతలతో చెప్పండి. "పెన్సిల్లో ఆత్మ ఉంటుంది" లాంటివి మాత్రం వద్దు.

రెండొందల స్కేలు
క్యాడ్‌లో గీసేటప్పుడు స్కేలు ఉండదు, జూమే ఉంటుంది. అసలు గొడవంతా అక్కడే. 1:200లో, అంటే అసలు 200 మి.మీ.ని కాగితం మీద 1 మి.మీ.గా గీస్తే, మీ స్థలం 61×91 మి.మీ., అరచేతిలో పడుతుంది. తొమ్మిదంగుళాల గోడ అందులో 1.15 మి.మీ., అంటే మొద్దుబారిన 4బీ పెన్సిల్ గీతంత. ఇక గోడ గురించి ఆలోచించడానికి ఏమీ ఉండదు. గాలి ఎటు, ఎండ ఎటు, వంటింట్లోంచి పెరట్లోకి దారి ఎటు, వీటి మీదే బుర్ర పెట్టాలి. క్యాడ్‌లో అయితే పది నిమిషాల్లో 230 ఆఫ్‌సెట్ కొట్టి (గోడ మందానికి రెండో గీత వేసి), తలుపు బ్లాకులు (సిద్ధంగా ఉన్న బొమ్మలు) పెట్టేస్తాం. ఆ తర్వాత గదిని జరపడానికి మనసొప్పదు. ట్రిమ్ చేసిందంతా పోతుందని ప్లానునే కాపాడుకుంటూ కూర్చుంటాం.

స్థలం, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) గీతలు మాత్రం క్యాడ్‌లోనే గీసి, 1:200లో ఏ4 మీద ప్రింట్ తీయండి. "ఫిట్ టు పేపర్" టిక్ తీసేయకపోతే స్కేలు గోవిందా. షీటులో ఒక మూల 50 మి.మీ. గీత పెట్టి, ప్రింట్ వచ్చాక కొలిచి చూసుకోండి. దానిమీద బటర్ పేపర్ పరిచి మూడు వేర్వేరు ప్లాన్లు గీయండి, ఒక్కోదానికి పావుగంట చాలు. రబ్బరు ముట్టుకోవద్దు. నచ్చని చోట ఇంకో పొర పరిచి, బాగున్నది మాత్రం పైకి ఎక్కించండి. పాత ఆలోచన కింద కనబడుతూనే ఉంటుంది. క్యాడ్‌లో ఫైలు మూసేస్తే అన్‌డూ చరిత్ర కూడా పోతుంది.

తలుపు ఎటు తెరుచుకోవాలన్నది 1:50 దాకా ఎత్తొద్దు.

ఎఫ్ఎనిమిది
కాగితం కూడా అబద్ధమాడుతుందండీ, ముఖ్యంగా మెట్ల దగ్గర. అంతస్తు ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 3200 మి.మీ. అనుకోండి. 160 చొప్పున 20 రైజర్లు (మెట్టు ఎత్తులు). డాగ్‌లెగ్ మెట్లయితే (మధ్యలో ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరిగేవి) ఒక్కో వరసకి 10 రైజర్లు, 9 ట్రెడ్లు (కాలు పెట్టే పలకలు). ట్రెడ్ 275 అంటే 2475, ల్యాండింగ్ 1050 కలిపితే 3525. పదకొండున్నర అడుగులు దాటింది. చేత్తో గీసిన స్కెచ్చులో మాత్రం అవే మెట్లు తొమ్మిదడుగుల్లో హాయిగా ఇమిడిపోతాయి!

రెండోది, ల్యాండింగ్ కింద టాయిలెట్. ల్యాండింగ్ పైమట్టం 1600, అందులో 150 శ్లాబు పోతే మిగిలేది 1450. మనిషి నిలబడలేడు. మూడు మెట్లు కిందికి దించినా 1930, పైగా డ్రైనేజీ వాలు కుదరదు. ప్లానులో ఇది కనబడదు, సెక్షన్‌లోనే (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) కనబడుతుంది.

అందుకని మెట్లు, టాయిలెట్లు, కారు వీటిని కచ్చితమైన కొలతకి క్యాడ్‌లో గీసి, ప్రింట్ తీసి అట్టమీద అంటించి కత్తిరించండి. 1:100లో కారు చోటు 25×50 మి.మీ. ముక్క. అట్టముక్కల్ని బటర్ పేపర్ కింద జరుపుతూ చుట్టూ చేత్తో గీయండి. జరపడం కాగితానిది, కొలత క్యాడ్‌ది.

ట్రేసింగ్ తొంభై
ఇంతకీ ఆ స్కెచ్చుని మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించే చోటే చాలామంది తప్పుతారు. ఫోన్‌తో ఫొటో తీసి దానిమీద గీసేస్తే ఒకవైపు గదులు ఉబ్బిపోతాయి, కెమెరా కాస్త వంగినా చాలు. స్కెచ్చు మొదలెట్టకముందే నాలుగు మూలలా ప్లస్ గుర్తులు పెట్టండి, 200 అడ్డం, 150 నిలువు. అప్పుడు డయాగనల్ సరిగ్గా 250 రావాలి. వీలైతే స్కానరే వాడండి, 300 డీపీఐ చాలు. ఒక పిక్సెల్ 0.085 మి.మీ., అంటే 1:100లో అసలు కొలతలో 8.5 మి.మీ.

ఇమేజ్ అటాచ్ చేశాక అలైన్ కమాండ్‌తో పొడవాటి వైపు రెండు గుర్తుల్ని పట్టించి, స్కేల్ చేయాలా అని అడిగితే ఎస్ అనండి. తర్వాత రెండు డయాగనల్సూ కొలవండి. రెండూ ఆ 250 లెక్కకి సరిగ్గా రాకపోతే ఆ ఫొటో పనికిరాదు, మళ్ళీ తీయాల్సిందే. ఇంకో మాట: బటర్ పేపర్ తేమకి సాగుతుంది, వానాకాలం మరీ. గది కొలత అంకెల్లో పక్కన రాసుకోండి, స్కాన్ మీద గీత పట్టి కొలత తీయొద్దు.

ఈశాన్యమూల
మూలమట్టం లేని స్థలాల సంగతి ఎవరూ ఎత్తలేదు. 40×60కి రెండు డయాగనల్సూ 72 అడుగుల 1 అంగుళం దగ్గర రావాలి. టేపు పట్టుకుంటే చాలా స్థలాల్లో రాదు. క్యాడ్‌లో ఆర్థో (గీతల్ని అడ్డంగా, నిలువుగానే పోనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మాత్రం స్థలం బుద్ధిగా దీర్ఘచతురస్రం అయిపోతుంది, సైటులో మార్కింగ్ వేసేటప్పుడు మేస్త్రీ కనిపెడతాడు. కాగితాన్నయితే ఏ గోడ గీస్తుంటే అటు తిప్పుకుంటాం. క్యాడ్‌లో అదే పనికి యూసీఎస్ (గీసే అక్షాల్ని తిప్పే కమాండ్) కొట్టి, ఆబ్జెక్ట్ ఎంచుకుని, ఆ వైపు గీతని క్లిక్ చేసి, తర్వాత ప్లాన్ కమాండ్‌లో కరెంట్ ఇవ్వండి. స్క్రీన్ తిరుగుతుంది. ఫైలు పంపేముందు వరల్డ్‌కి, అంటే మొదటి అక్షాలకి, తేవడం మరవద్దు.

సర్వేయర్ ఇచ్చిన ఫైలుతో కూడా జాగ్రత్త. హైదరాబాద్ చుట్టుపక్కల యూటీఎం (భూమి మీది చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) అంకెలు ఈస్టింగ్ (తూర్పు కొలత) 2 లక్షల పైన, నార్తింగ్ (ఉత్తర కొలత) 19 లక్షల పైన ఉంటాయి, మీటర్లలో. రెవిట్ (భవనాల 3డీ మోడల్ సాఫ్ట్‌వేర్) తన అసలు బిందువు నుంచి 16 కిలోమీటర్లు దాటితే ఒప్పుకోదు. ముందే ఒక మూలని సున్నాకి తెచ్చుకోవాలి.

కట్టర్ బ్లేడు
స్కెచప్‌లో (3డీ మోడల్ సాఫ్ట్‌వేర్) పుష్‌పుల్, అంటే ప్లానుని పట్టి పైకి లాగే సుఖానికి, అలవాటుపడితే అన్నీ నిలబెట్టిన డబ్బాలే. పైగా మోడల్‌ని ఎప్పుడూ గద్దలా పైనుంచి చూస్తుంటాం. పొజిషన్ కెమెరా తీసుకుని వీధిలో క్లిక్ చేసి, కంటి ఎత్తు 1550 అని కొట్టి ఎంటర్ నొక్కండి. అంత ముద్దుగా వేసిన టెర్రస్ డిజైన్ పిట్టగోడ వెనక మాయమవుతుంది! నీడలకి ముందు లొకేషన్ పెట్టాలి, లేకపోతే వేరే దేశం ఎండ చూపిస్తుంది. సరిచూడ్డానికి ఒక లెక్క: హైదరాబాద్‌లో డిసెంబరు 21న మధ్యాహ్నం 12:15 ప్రాంతంలో దక్షిణ గోడకి 600 మి.మీ. సజ్జ ఉంటే కిందికి దాదాపు 700 నీడ పడాలి.

చేతి మోడల్‌కి 5 మి.మీ. సన్‌బోర్డు, 1:50. గోడ 250 అవుతుంది, అసలుకి దగ్గర. పైకప్పు అంటించొద్దు, ఎత్తి లోపల చూడాలి. సన్‌బోర్డుని లేజర్ కటింగ్‌కి మాత్రం ఇవ్వకండి. అది పీవీసీ, కాలితే ఆమ్ల వాయువు వస్తుంది, మిషనూ పాడు, ఊపిరితిత్తులూ పాడు. లేజర్‌కి ఎండీఎఫ్ లేదా అక్రిలిక్.

పాలీలైన్
పర్మిషన్ సాఫ్ట్‌వేర్ కూడా ఒక పనిముట్టే, దాన్ని లెక్కలోకి తీసుకోరెందుకో. ఆన్‌లైన్ స్క్రూటినీకి ప్రతి విస్తీర్ణం నిర్ణీత లేయర్లో (డ్రాయింగులో ఒక్కో రకానికి ఒక్కో పొర), మూసిన పాలీలైన్‌గా (ఒకే ముక్కగా కలిసిన గీత) ఉండాలి. చివర ఒక్క మి.మీ. తెరిచి ఉన్నా లెక్క తప్పుతుంది. ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ ఎదురుగా ఎస్ ఉందో లేదో చూడండి, లేకపోతే పీఎడిట్‌తో జాయిన్ చేయండి. దీని ప్రభావం డిజైన్ మీద ఎలా పడుతుందంటే, సగం తెరిచిన వసారా, వంపు గోడ, గదికీ వరండాకీ మధ్య ఉండే చోటు, వీటికి ఏ లేయరో తేల్చుకునే ఓపిక లేక ముందే చదును చేసేస్తారు. సబ్మిషన్ డ్రాయింగుని వేరే ఫైలుగా చివర్లో చేయండి, దాంట్లోనే డిజైన్ చేయొద్దు.

వేలాడే గొలుసు
పాత పనిముట్టు, కొత్త పనిముట్టు అని గీత గీయడం కూడా కష్టమే. స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడి అక్కడి కొలోనియా గ్వెల్ చర్చికి దారాలకి సీసపు గుళ్ళ సంచులు కట్టి 1:10 మోడల్ వేలాడదీశాడు. దాని ఫొటోని తలకిందులు చేసి చూస్తే కట్టడం ఆకారం వచ్చేది. ఒక సంచి మారిస్తే మిగతా దారాలన్నీ సర్దుకుంటాయి. ఈరోజు గ్రాస్‌హాపర్‌లో (అంకె మారిస్తే ఆకారం మారే సాఫ్ట్‌వేర్) స్లైడర్ జరిపితే అయ్యేది అదే. ఆర్కిటెక్ట్ గెహ్రీ స్పెయిన్‌లో చేసిన బిల్బావ్ మ్యూజియం (1997) దీనికి పూర్తి వ్యతిరేకం. ఆకారం చేతి మోడళ్ళలో పుట్టింది, వాటి మీది బిందువుల్ని డిజిటైజర్‌తో పట్టి, విమానాల కోసం పుట్టిన కాటియా సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించారు.

చిన్న కమాను కావాలంటే సన్న గొలుసు, గోడకి గ్రాఫ్ కాగితం, రెండు మేకులు చాలు; వేలాడిన వంపుని గీసుకుని తలకిందులు చేస్తే కమాను. దారం వద్దు, బరువు లేక మెలికలు పడుతుంది.

మూడోమెట్టు
ఐప్యాడ్ మీద గీస్తే అది కాగితం కిందకొస్తుందా, క్యాడ్ కిందకా?

రెండొందల స్కేలు
రెండు వేళ్ళతో జూమ్ చేయనంతవరకు కాగితమే. షీటు మొత్తం కనిపించేలా పెట్టుకుని, పెన్ను మందం 0.5 మి.మీ. కన్నా తగ్గించకండి. 1:200లో అది 100 మి.మీ., అంతకన్నా సన్నటి నిర్ణయం ఆ దశలో అక్కర్లేదు.